ఎడమ హెడ్‌లైటు

బుధవారం పొద్దున పది గంటల్లోపు ఓనుకిని ప్రాసిక్యూటర్ ముందు నిలబెట్టాలి. అరెస్టయిన నలభై ఎనిమిది గంటల్లో ఆ పని జరగకపోతే వదిలెయ్యాలని చట్టం. ఒకసారి ప్రాసిక్యూటర్ చేతికి వెళ్ళాడంటే మాత్రం వెనక్కి రాడు. నేను లాకప్ గదిలో అతని ఎదురుగా కూర్చునేసరికి మంగళవారం పదకొండయింది. ఇంకా ఇరవై మూడు గంటలున్నాయి.

నా పేరు షిరాతోరి. ఈ ఊరి స్టేషన్లో ట్రాఫిక్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ని, వచ్చే మార్చిలో రిటైరవుతాను. కేసు నాది కాదు. హెడ్‌క్వార్టర్స్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కుజేది. నలభై ఒక్క ఏళ్లవాడు, తెలివైనవాడు, తొందర ఎక్కువ. దున్నపోతు ఈనిందని పైవాళ్ళంటే దూడని కట్టెయ్యడానికి తాడు వెతికే రకం.

ఓనుకికి సాకే కొట్టుంది, బియ్యపు సారా అమ్ముతాడు. ఆరేళ్ల క్రితం తాగి బండి నడుపుతూ దొరికాడు. అప్పుడు పట్టుకున్నది నేనే.

"మళ్ళీ మీరేనా షిరాతోరి-సాన్?" అన్నాడు. "ఈసారి తాగలేదండీ. ఆరేళ్లుగా బార్లీ టీ తప్ప ముట్టలేదు. సాకే అమ్ముకుంటూ బార్లీ టీ తాగేవాణ్ణి చూసి మా ఆవిడే నవ్వుతుంది."

"లైటెలా పగిలింది?"

"ఆ కుజే దొరగారికి పదకొండు సార్లు చెప్పాను. మీరు పన్నెండోది. పోయిన బుధవారం గుడి వెనక బండి తిప్పుతుంటే, మంచులో రోడ్డు అంచు తెలియడానికి పాతిన గుర్తు కర్రకి తగిలింది. ముక్కలు ఊడ్చి చెత్తలో వేశాను. శుక్రవారం లారీ పట్టుకుపోయింది. దాచుకుంటే పనికొస్తాయని నాకేం తెలుసు?"

"గురువారం సాయంత్రం ఆ రోడ్డు మీద వెళ్ళావుగా?"

"నాలుగున్నరకి వెళ్ళాను. రోడ్డు మీద పిల్లి కూడా లేదు." నా వైపు వంగాడు. "కినుయో-సాన్‌ని నేను గుద్ది వదిలేస్తానా? ఏడాదికోసారి మా కొట్టులో రెండు సీసాలు కొనేది. నిన్న పొద్దుట్నుంచీ కొట్టు తలుపు తియ్యలేదట. మా అమ్మాయి స్కూలుకి పోవట్లేదట. హంతకుడి కూతురు అన్నారట."

అతను అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు. తెలుసుననడానికి కాగితం మీద పెట్టే కారణం ఒక్కటీ లేదు.

జరిగింది ఇదీ. గురువారం సాయంత్రం, వాన. ఇగరాషి కినుయో అనే అరవై ఎనిమిదేళ్ల ఆవిడ నాలుగూ యాభైకి గుళ్ళో మీటింగు నుంచి బయల్దేరింది. ఊరి నోటీసుల పలక ఇంటింటికీ తిరుగుతుంది కదా, సంతకానికి బదులు తన ముద్ర వేసి, దాన్ని దారిలో పక్కింటి సయేకి-సాన్‌కి అందించడానికి. పక్కిల్లంటే పొలాల మధ్య అరకిలోమీటరు. ఆరూ నలభైకి కాలవ దిగువన, తూము ఇనప చువ్వలు పట్టుకుని కనిపించింది. ఎనిమిదింబావుకి ఆస్పత్రిలో పోయింది. ఒక్క గంట ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు ఐదు రోజులుగా అన్నం దిగనివ్వలేదు.

బండి తగిలింది తూము దగ్గర కాదు, ఎగువన మలుపులో; అక్కడ కాలవలో పడి తూము దాకా కొట్టుకొచ్చింది. మలుపు దగ్గర బురదలో పలక, హెడ్‌లైటు ముక్కలు ఆరు దొరికాయి. ఏడోది, బొటనవేలి గోరంతది, ఆమె రైన్‌కోటు టోపీ మడతలో ఉంది. అన్నీ చిన్న ట్రక్కు ఎడమ లైటువి. తగిలిన చోటు బయటికి పొక్కకూడదని కుజే కాలవ పొడుగునా తాళ్లు కట్టించాడు. ఆ సంగతి మాకు తప్ప ఎవరికీ తెలియదు.

లాకప్ బయట వరండాలోనే కుజే ఎదురయ్యాడు.

"మీ పాత స్నేహితుడు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోడానికి ఏమీ లేదు, ఇన్‌స్పెక్టర్ గారూ. ఆవిడ కాళ్ళకి దెబ్బ లేదు. నిలబడ్డ మనిషిని గుద్దితే బంపరు మోకాళ్ళకి తగలాలి. ఈవిడకి భుజానికీ తలకీ తగిలింది. పలక క్లిప్పు ఊడి కాగితాలు జారితే ఏరుకోడానికి కూర్చుంది."

"కూర్చుంటే ఏమిటి, నిలబడితే ఏమిటి? చంపింది బండేగా!"

"నల్ల రైన్‌కోటు, వాన, మునిమాపు. నడిపినవాడికి మనిషని తెలిసి ఉండకపోవచ్చు. తెలియనివాడు పారిపోయినవాడిలా ఉండడు. మామూలుగా తిరుగుతుంటాడు."

"మీ ఊళ్ళో అందరూ మామూలుగానే తిరుగుతున్నారు. నాకదే విసుగు." ఫైలు తెరిచాడు. "ఈ రకం ట్రక్కులు ఊళ్ళో లైసెన్సున్నవాళ్ళ దగ్గర నలభై మూడు. అన్నీ చూశాం. ఎడమ లైటు పగిలింది ఒక్కటే. గ్యారేజీలన్నీ అడిగాం, ఎవరూ లైటు మార్చలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకండీ?"

"ఇంట్లోనే మార్చుకుని ఉంటే?"

"రిటైరయ్యాక డిటెక్టివ్ నవలలు రాయండి, బాగా అమ్ముడుపోతాయి. మూడింటికి నేను మృతురాలి భర్త దగ్గరికి వెళ్తున్నాను. మీరు అడ్డం పడకండి."

అడ్డం పడాలనే బయల్దేరాను. ఏడో ముక్కని రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాను. కినుయో-సాన్ ఇల్లు ఎన్నింటికి వదిలిందో భర్తని మరోసారి అడుగుదామనుకున్నాను, అంతకంటే పెద్ద ఆలోచనేమీ లేదు.

దారిలో చెత్త సంచులు పెట్టే చోట సయేకి-సాన్ చీపురుతో కనిపించింది. ఈ నెల అక్కడ శుభ్రం చేసే వంతు ఆవిడది. వల కింద ఒకే ఒక్క సంచి మిగిలి ఉంది. దాని మీద ఎర్ర చీటీ: 'కలిపి వేశారు, తీసుకోలేదు.' సంచి మీద ఇంటి పేరు రాయడం ఇక్కడి పద్ధతి. నల్ల సిరాతో వంకర అక్షరాల్లో 'ఇగరాషి' అని ఉంది.

"చూశారా షిరాతోరి-సాన్," అంది ఆవిడ గొంతు తగ్గించి. "ముప్పై ఏళ్లలో ఆ ఇంటి సంచికి ఎర్ర చీటీ పడ్డం ఇదే మొదలు. అన్నీ విడదీసి సర్దేది ఆవిడే కదా! ఆయనకేం తెలుసు, బల్బుని వేరే సంచిలో వెయ్యాలని? నేనే తీసి సరిచేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు."

సంచి పారదర్శకం. లోపల పాత పేపరులో సగం చుట్టిన హెడ్‌లైటు ఉంది. అద్దం పగిలింది. బల్బు ఇంకా దాని గూట్లోనే ఉంది. ఎడమ లైటు.

నేను సంచి మీదికి వంగి చూస్తుంటే ఆవిడే అంది: "గురువారం ఆరింటికి వాళ్ళ షెడ్డు గోడ మీద లైటు వెలుగు కనిపించింది. సరే, ఆయన ఇంట్లోనే ఉన్నాడు, ఆవిడా వచ్చేసి ఉంటుంది, పలక రేపు తెస్తుందిలే అనుకున్నాను. ఆ పూట నేనే ఓసారి వెళ్ళి చూసినా బాగుండేది."

"మీ తప్పేం లేదు సయేకి-సాన్," అన్నాను. "ఈ సంచి నేను తీసుకెళ్తాను."

తప్పు నాది. నలభై మూడు బండ్ల జాబితా రాసింది నేను. కినుయో-సాన్ భర్త తోకుజి-సాన్ పేరు అందులో చేర్చనిదీ నేనే. ఎందుకంటే ఏప్రిల్లో ఆయన తన లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. డెబ్బై ఆరేళ్లు, చూపు మందగించింది. ఆ కార్డు అందుకున్నది నేనే. పక్కన కినుయో-సాన్ మూడుసార్లు వంగి దణ్ణం పెట్టి, "ఇవాళ్టి నుంచి నాకు నిద్ర పడుతుంది" అంది. లైసెన్సు లేని మనిషి బండి నడపడనుకున్నాను. పోలీసువాణ్ణి, అదీ ముప్పై అయిదేళ్ల సర్వీసు!

ఆ ఇంటికి నడిచినంతసేపూ ఒకటే ప్రశ్న. భార్యని గుద్ది, తెలిసి తెలిసి, లైటు మార్చి దాచాడా ఈయన? నలభై ఐదేళ్ల కాపురం. ఊళ్ళో ఎవర్నయినా అనుమానిస్తాను గానీ.

తోకుజి-సాన్ షెడ్డు ముందు పీట మీద కూర్చుని పెర్సిమన్ పళ్ళు చెక్కు తీస్తున్నాడు. సగం పళ్ళు ఎండడానికి దారాలకి గుచ్చి, చూరుకి ఒకే ఎడంలో వేలాడదీసి ఉన్నాయి. అవి ఆవిడ కట్టినవి. మిగతావి బుట్టలో ఉన్నాయి. ఆయన చెక్కుతో పాటు సగం పండూ చెక్కేస్తున్నాడు. నేను సంచిని గుమ్మం పక్కన దించాను. ఆయన చూడలేదు.

"రండి షిరాతోరి-సాన్. టీ పెడతాను. టీ ఆకు డబ్బా ఎక్కడుందో మాత్రం ఇంకా దొరకలేదు."

"వద్దులెండి. షెడ్డు ఓసారి చూస్తాను."

ఆయన వద్దనలేదు. కత్తి ఆగిపోయింది, అంతే.

చిన్న తెల్ల ట్రక్కు, పదిహేనేళ్లది. కుడి లైటు అద్దం ముసలి గోరులా పసుపు పచ్చగా మసకబారింది. ఎడమది నీళ్లలా తేటగా ఉంది. ఎదురు గోడ మీద సుద్దతో గీసిన అడ్డగీతా నిలువుగీతా. వెలుగు ఎత్తు సరిచూసుకునే గుర్తు అది. అరమీద రెండు అట్టపెట్టెలు, ఒకదాంట్లో కొత్త కుడి లైటు, రెండోది ఖాళీ. కింద రెండు ఎర్ర కిరసనాయిలు డబ్బాలు. ఒకటి నిండుగా ఉంది. మూత చుట్టూ పెట్రోలు పంపు వాళ్ళు అంటించే రసీదు ఉంది: గురువారం, 16:31.

"తోకుజి-సాన్, బండి బయటికి తీస్తున్నారా?"

"బ్యాటరీ పడిపోకుండా వారానికోసారి స్టార్టు చేస్తాను. అంతే."

"మరి ఈ కిరసనాయిలు నడిచొచ్చిందా?"

ఆయన కత్తి కింద పెట్టాడు. పీట మీంచి దిగి మట్టి నేల మీద మోకరించి నుదురు ఆనించాడు. "తప్పు చేశాను. మీ చేతిలోనే పెట్టాను లైసెన్సు. మీ మొహం చూడలేను. నన్ను తీసుకెళ్ళండి, జరిమానా ఎంతైనా కడతాను."

"లేవండి. ముందు ఏం జరిగిందో చెప్పండి."

"గురువారం గుళ్ళో ఆడవాళ్ళ మీటింగని కినుయో మూడింటికి వెళ్ళింది. గది వెచ్చబెట్టే స్టవ్‌లో కిరసనాయిలు అడుగంటింది. దాని నడుం సంగతి మీకు తెలుసుగా, పద్దెనిమిది లీటర్ల డబ్బా మొయ్యలేదు. అయినా మోస్తుంది, చెప్తే వినదు. అది తిరిగొచ్చేసరికి గది వెచ్చగా ఉండాలనుకున్నాను. నాలుగూ పదికి బయల్దేరాను. పోను ఏడు కిలోమీటర్లే కదా! పోయేటప్పుడు ఏమీ కాలేదు."

"వచ్చేటప్పుడు?"

"అడవిపంది. మన కాలవ మలుపులో. అద్దం మీద వాన నీళ్లు, ఎదురుగా నల్లగా, వంగి ఉంది. బ్రేకు తొక్కేలోపు తగిలింది."

"ఎన్నింటికి?"

"ఐదుకి మూడు నిమిషాలు. బండిలో గడియారం చూశాను, కినుయో వచ్చేసి ఉంటుందేమోనని భయంతో."

"దిగి చూశారా?"

"దిగుతానా! దెబ్బతిన్న పంది దగ్గరికి దిగకూడదని చిన్నపిల్లలక్కూడా చెప్తాం. నిరుడు పై ఊళ్ళో ఒకాయన దిగి తొడ చీల్చించుకున్నాడు కదా. వెనక అద్దంలో చూశాను. ఏమీ లేదు. పొలంలోకి పారిపోయిందనుకున్నాను."

ఆయన నా కళ్ళలోకి సూటిగా చూస్తూ చెప్పాడు. ఆ కళ్ళలో సిగ్గుంది, భయం ఉంది, దాపరికం మాత్రం లేదు. ఆయనకి తెలియదు. ఆవిడ తూము దగ్గర దొరికిందని చెప్పామే తప్ప, బండి తగిలింది మలుపులోనని మేం చెప్పలేదు. నిజంగానే తెలియదో, ఆ గురువారం సాయంత్రాలు రెండూ ఒకటేనని ఒప్పుకోడానికి మనసు నిరాకరించిందో, నేను ఇప్పటికీ చెప్పలేను.

"తర్వాత?"

"తర్వాతేముంది, లైటు మార్చాను." లైటు మాట రాగానే ఆయన వెన్ను కొంచెం నిటారయింది. నలభై ఏళ్లు మిషన్ల కంపెనీలో ఫిట్టరు. "బండి తనిఖీలో అద్దాలు మసకని అంటారని రెండేళ్ల కిందటే జత కొని పెట్టాను. ముందు జాలీ తియ్యాలి, మూడు బోల్టులు, వెనక రబ్బరు మూత, వైరు ప్లగ్గు. కొత్త బల్బు గాజుని వేళ్ళతో ముట్టకూడదు, చేతి జిడ్డుకి మాడిపోతుంది. గుడ్డతో పట్టుకున్నాను. అరగంట పని. చేతులు వణికి గంట పట్టింది. వచ్చేలోపు అయిపోవాలి కదా, చూస్తే ఊరుకుంటుందా? ఏప్రిల్లో దేవుడి ముందు ఒట్టు పెట్టించుకుంది."

"ఎప్పటికి అయింది?"

"ఆరింటికి. గోడ మీద వెలుగు సరిచూశాను. చేతులు కడుక్కుని స్టవ్ వెలిగించాను. గది బాగా వెచ్చబడింది." చూరుకి వేలాడే పళ్ళ వైపు చూశాడు. "అది రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, మొహం ట్రక్కు వైపు తిప్పుకుని. కొత్త లైటు సుబ్బరంగా బిగించి ఉంది, ఒక్క గీత పడలేదు. ఈయన ఆ బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఆవిడ తూము చువ్వలు పట్టుకుని ఉంది. ఎందుకు బిగిస్తున్నాడు? ఆవిడ కోప్పడుతుందని.

సరిగ్గా మూడింటికి కుజే కారు వచ్చి ఆగింది. నన్ను చూసి పళ్ళు కొరికాడు. పెద్దాయన ముందు మాత్రం మర్యాదగా వంగి, ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. అతనికీ తల్లి ఉంది కాబోలు. ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. గుమ్మం దగ్గర నుంచి సంచి తెచ్చి నా వెనక పెట్టుకున్నాను.

కుజే ఒక కాగితం తీసి చదివాడు. "'నా భార్యని బండితో గుద్ది, సాయం చెయ్యకుండా వదిలి వెళ్ళిన ఓనుకి యసుహిరోకి, చట్టం అనుమతించినంత కఠినమైన శిక్ష విధించవలసిందిగా కోరుతున్నాను.' దీని మీద మీ ముద్ర వెయ్యాలి. కోర్టులో దీనికి చాలా బలం ఉంటుంది."

తోకుజి-సాన్ సొరుగులోంచి ముద్ర, ఎర్ర సిరా డబ్బా తెచ్చుకున్నాడు. "ఓనుకిని ఎరుగుదును. మంచివాడే," అన్నాడు మెల్లగా. "గుద్దడం పొరపాటు కావచ్చు. ఎవరికైనా జరుగుతుంది. కానీ దిగి చూసుంటే బతికేదన్నాడు డాక్టరు. దిగి కూడా చూడని వాడు మనిషేనా? వాడికి ఎంత శిక్ష వేసినా తక్కువే." ముద్రని సిరాలో అద్దాడు.

"తోకుజి-సాన్, ఆగండి."

"షిరాతోరి-సాన్!" కుజే గొంతు లేచింది. "అడ్డం పడొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

నేను చెయ్యబోయేది రూలు ప్రకారం తప్పు. సాక్ష్యాన్ని అలా ఎవరి చేతికీ ఇవ్వకూడదు. కానీ ఈ మాట నా నోటితో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పకుండా ఉంటే ఓ అమాయకుడు జైలుకి పోతాడు, ఈ ముసలాయన చేతి ముద్రతోనే పోతాడు. సంచి తీసి బల్ల మీద పెట్టాను.

"ఏమిటిది, చెత్తా?" అన్నాడు కుజే.

పెద్దాయన మొహం ఎర్రబడింది. "అయ్యో, ఎర్ర చీటీ పడిందా? బల్బు తియ్యాలేమో. ఇలాంటివన్నీ కినుయో చూసుకునేది."

నేను జేబులోంచి ఏడో ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఫిట్టరు చేతులు కదా, మనసు కంటే ముందు కదిలాయి. సంచి విప్పి, పేపరు తీసి, లైటుని దగ్గరికి లాక్కుని, పగిలిన అంచు వెంట ముక్కని జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. ముక్క వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది.

కుజే లైటు మీదికి వంగాడు. అతనికి అర్థమైంది.

"ఇది నా లైటుదే," అన్నాడు తోకుజి-సాన్, పనివాడి తృప్తితో. "ఎక్కడ దొరికింది మీకు?"

"కినుయో-సాన్ రైన్‌కోటు టోపీలో."

ఆయన వేలు ముక్క మీదే ఉండిపోయింది. ఫొటో వైపు చూశాడు, షెడ్డు వైపు చూశాడు, స్టవ్ వైపు చూశాడు. నేను పట్టుకుందామని లేచాను గానీ ఆయన పడిపోలేదు. లైటుని పక్కకి జరిపి, కాగితాన్ని తన ముందుకి లాక్కున్నాడు.

"ఇక్కడ ఓనుకి పేరు రాశారు," అన్నాడు కుజేతో. "కలమివ్వండి, మారుస్తాను."

"పెద్దాయనా, ఇప్పుడు వద్దు," అన్నాడు కుజే. "ఇది అవసరం లేదు. ఇంక అవసరం లేదు."

"ఇవ్వండి."

కుజే ఇవ్వలేకపోయాడు. నా కలం తీసి నేనిచ్చాను. ఆయన ఓనుకి పేరుని ఒక్క గీతతో కొట్టేసి, దాని పక్కన తన పేరు నిదానంగా, పూర్తిగా రాశాడు. తర్వాత ముద్రని మళ్ళీ సిరాలో అద్ది, రెండు చేతులతో కాగితం మీద నొక్కి పట్టుకున్నాడు. ఎంతసేపటికీ చేతులు తియ్యలేదు.